గంగులు ముడి

కళింగపట్నం. ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నర. ఇంటి అరుగు మీద గంగులు, అతని భార్య లక్ష్మణమ్మ.

"ఏటి సేస్తన్నావు మావా?"

"ముడి కడతన్నాను. కనబడదేటి?"

"దేంతోటి?"

"టంగూసు దారంతోటి. సన్న రకం. నిన్న గిరిబాబు కొట్లో తెచ్చినాను. తలెంట్రుక కన్నా సన్నం."

"ఆ దారం నీ కాలికాడ పడున్నాది."

"ఎక్కడ?"

"అదిగో, ఎడం కాలు బొటనేలి కాడ. ఇందాకట్నుంచి నీ సేతుల్లో గాలం ఉన్నాది, దారం లేదు. లేని దారాన్ని సుట్టినావు, పళ్ళతో లాగినావు, 'అబ్బ, బలే బిగిసింది' అన్నావు."

"అనలేదు."

"అన్నావు. నేను ఇన్నాను. కోడి కూడా ఇన్నాది."

"సేపకి కనబడకూడదని సేసిన దారమే అది. లావు దారమైతే సేప సూసి నవ్వుకొని పోతాది. సేపకే కనబడంది మడిసికెలగ కనబడతాది?"

"కళ్ళజోడెట్టుకుంటే కనబడతాది."

"గంగులికి కళ్ళు పోనాయని ఊరంతా సెప్పుకోడానికా? నవ్వకే. నవ్వకు. పది గంటలకి ఆ వెంకీ వచ్చీస్తాడు. ముడి ఎలగెయ్యాలో ఒక్కపాలి సెప్పీ. ఒక్కపాలి."

"ఏ వెంకీ?"

"తెలీనట్టు అడక్కు. పాతపట్నం కుర్రోడు. ఫోన్లో ఈడియోలు తీసి అందరికీ సూపిస్తాడు."

"ఓ, ఆ వెంకీ. ఆణ్ణెవులు రమ్మన్నారు?"

"నేనే."

"ఎందుకు రమ్మన్నావు?"

"ఊరికే. టీ కొట్టు కాడ కూకున్నాము. మాటల్లో మాట. 'ఈ సముద్రంలో గంగులు ముడి ఇప్పుకొని పోయిన సేప లేదు, మా నాన్న నేర్పిన ముడి ఇది' అన్నాను. ఆడు ఫోను తీసి 'మావయ్యా, ఆ ముడి సూపించండి' అన్నాడు. 'ఇప్పుడు కాదు, ఆదివారం రా' అన్నాను. ఆడు నిజంగా ఆదివారం వస్తాడని నాకేటి తెలుసు?"

"ఆదివారం రమ్మంటే ఆదివారం వస్తారు మరి."

"ఎవులొస్తారే? నేనెప్పుడన్నా వచ్చినానా?"

"అప్పుడే సెప్పీవలసింది. ముడి నాది కాదు, నా పెళ్ళాం కడతాది అని."

"టీ కొట్టు కాడా? అంతమంది మగోళ్ళలోనా? ఏడేళ్ళ కాణ్ణుంచి ఊరు ఊరంతా 'గంగులు ముడి, గంగులు ముడి' అంటన్నాది."

"ఊరు అనలేదు. నువ్వన్నావు. ఊరు ఊఁ కొట్టింది."

"ఏదో ఒకటి. ఇప్పుడు రేవు కాడ బేనరు కట్టీసినారు. 'గంగులు ముడి' అని ఇంతింత అచ్చరాలు. కుర్చీలు కూడా ఎయ్యిస్తన్నారంట. అందరి ముందరా నేను సన్న దారంతో గాలానికి ముడెయ్యాల. దానికి ఇటిక ఏలాడదీస్తారు. అయిదు నిమిషాలు ఇటిక ఏలాడాల. ముడి జారితే?"

"ఇటిక పడతాది."

"ఇటిక కాదే, నా పరువు పడతాది. మళ్ళీ ఆ టీ కొట్టు గడప తొక్కగలనా?"

"తొక్కకు. టీ ఇంట్లో కూడా దొరుకుతాది."

"లక్ష్మణమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళు తర్వాత. ముందు ఆ కవ్వళ్ళ సేపలు తోము."

"తోమీసినాను. తెల్లారి కాణ్ణుంచి ఏటేటి సేసినానో సూడు. నీళ్ళు మోసినాను, వాకిలి ఊడ్సినాను, అంట్లు తోమినాను, కోడికి నూకలేసినాను. నువ్వు సెప్పిన పనల్లా సేసినాను. ముడి మాత్రం సెప్పవు."

"సేపలకి పొలుసు సరిగ్గా పోలేదు. మళ్ళీ తోము."

"తొమ్మిదౌతాదే!"

"సరే, కూకో. దారం తియ్యి. అది కాదు, అది నీ లుంగీ పోగు. ఇదిగో. గాలం కంట్లోంచి దూర్సు."

"దూర్సినాను."

"దూరలేదు. గాలం నీ ఏలికి గుచ్చుకున్నాది."

"అందుకా నొప్పి. ఉండు... ఆఁ, దూరింది. ఇప్పుడు?"

"ఇప్పుడు సుట్టు."

"ఎన్ని సుట్లు?"

"సాలినన్ని."

"సాలినన్నంటే ఎన్ని?"

"కూరలో ఉప్పెంతేస్తాను? సాలినంత. అలగే."

"ఎటేపు సుట్టాల?"

"అటేపు."

"అటేపంటే ఎటేపే?"

"ఇటేపు కాకుండా."

"సుట్టినాను. ఇప్పుడు?"

"ఇప్పుడు లాగు."

"లాగినాను. లాగినాను... జారిపోనాది."

"నీ సెయ్యి మంచిది కాదు."

"నా సెయ్యి కాదు, నీ సెప్పడం మంచిది కాదు. నువ్వు కట్టి సూపించు. ఇదిగో దారం, ఇదిగో గాలం. నేను సూసి నేర్సుకుంటాను."

"సూడకూడదు. సూస్తే దిష్టి తగులుతాది. అందుకే కదా నేను తలుపేసుకొని కట్టీది."

"మొగుడి దిష్టి కూడా తగులుతాదా?"

"మొగుడి దిష్టే ముందు తగులుతాది."

"అయితే ఒక పని సేద్దాం. రాత్రి పడుకోకుండా ఆలోసించినాను."

"నువ్వు ఆలోసించినావా? గుర్రెట్టింది ఎవులు మరి?"

"ఇను. వెంకీ సేతులు మాత్రమే తీస్తాడంట. దగ్గిర్నుంచి. మొకం అక్కర్లేదు. నాకు సలేస్తన్నాదని దుప్పటి కప్పుకొని కూకుంటాను. నువ్వు నా ఎనకాల, దుప్పటి లోపల కూకుంటావు. నీ సేతులు ముందుకి ఎట్టి నువ్వు కడతావు. సూసినోళ్ళు నా సేతులే అనుకుంటారు."

"ఎండాకాలంలో దుప్పటా?"

"జరం అని సెప్తాను."

"నాలుగు సేతులు కనబడవా?"

"నావి దుప్పట్లో దాసీస్తాను. బలే ఉన్నాది కదా?"

"బలే ఉన్నాది. కుదర్దు."

"ఎందుకు కుదర్దు?"

"నా సేతులకి గాజులున్నాయి."

"తీసీ."

"ఏటన్నావు?"

"గాజులు తీసీ. అయిదు నిమిషాలు."

"నువ్వు నా ఎదురుగా కూకొని, ఊపిరి పీలుస్తూ, నిక్షేపంలాగ బతికుండి, నన్ను గాజులు తియ్యమంటావా? ఓలమ్మో! ఇన్నావా అత్తా, పైనుంచి? నీ కొడుకు నన్ను గాజులు తియ్యమంటన్నాడు!"

"మా అమ్మనెందుకు పిలుస్తావు? అరవకు. పక్కింటి నూకయ్యోళ్ళు ఇంటారు. సరే, తియ్యకు. నేనే ఏసుకుంటాను."

"ఏటి?"

"గాజులు. ఊరోళ్ళకి ముందే సూపించీస్తాను. 'అమ్మోరికి మొక్కుకున్నాను, ఈ వారం గాజులేసుకోవాల' అంటాను. తర్వాత దుప్పట్లోంచి గాజుల సేతులొస్తే ఎవులికీ అనుమానం రాదు. ఇయ్యి రెండు. ఆ మట్టిగాజులొద్దు, పగిలిపోతాయి. ఆ ఇత్తడిది ఇయ్యి."

"మావా, నీకు బుర్ర ఉన్నాదా?"

"ఇయ్యే... ఇదిగో, ఎక్కతన్నాది... ఎక్కింది. సూసినావా? ఇప్పుడు నీ సెయ్యేదో నా సెయ్యేదో ఎవుడు సెప్పగలడు?"

"నీ సేతికి బొచ్చున్నాది."

"అదేటి, ఫోను మోగతన్నాది. ఎత్తు. కాదు, నేనెత్తుతాను. అలో!"

"మావయ్యా, వెంకీని. కోటబొమ్మాళిలో టిఫిన్ సేస్తన్నాం. ఇంకో గంటలో మీ ముందుంటాను. రెడీయేనా?"

"రెడీ బాబూ, రెడీ. అన్నట్టు వెంకీ, నాకు కొంచెం జరంగా ఉన్నాది. దుప్పటి కప్పుకొని..."

"జరమా? అయ్యో. పర్లేదు మావయ్యా, దుప్పటొద్దు. ఇటిక పట్టుకోడానికి ఇద్దరు కుర్రోళ్ళుంటారు. నేను మీ మొకం నుంచి మొదలెట్టి సేతులకి వస్తాను, మళ్ళీ మొకానికి ఎళ్తాను. మధ్యలో ఎక్కడా ఆపను. మోసం లేదని అందరికీ తెలవాల కదా!"

"ఆఁ... తెలవాల, తెలవాల. మెల్లగా రా బాబూ. తొందరేటి లేదు. టిఫిన్ అయ్యాక బోజనం కూడా సేసి రా."

"ఏటన్నాడు?"

"మొకం, సేతులు, మొకం అంట. అయిపోనాది. నా పని అయిపోనాది లక్ష్మణమ్మా. ఇంక దాపరికం లేదు, దిష్టి లేదు. నువ్వు ఇక్కడే, నా ఎదురుగా, ఇప్పుడే కట్టాల. కట్టు."

"ఆ గాజు ముందు ఇచ్చీ."

"రావట్లేదు. ఎముక కాడ ఆగిపోనాది. గాజు మాట ఒగ్గీ. ముడి కట్టు."

"పొయ్యి మీద అన్నం..."

"అన్నం నేనే దించినాను. ముడి కట్టు."

"నా సెయ్యి..."

"ఏటైనాది నీ సేతికి?"

"ఏటీ అవలేదు."

"మరి?"

"కోప్పడవు కదా?"

"కోప్పడను."

"మా అమ్మనీ నన్నూ తిట్టవు కదా?"

"మీ అమ్మనెందుకు తిడతాను? సెప్పు."

"నాకు రాదు మావా."

"ఏటి రాదు?"

"ముడి."

"ఏ ముడి?"

"ఏ ముడీ రాదు. సీర కుచ్చిళ్ళు తప్ప నాకేటీ రాదు."

"మరి ఏడేళ్ళ కాణ్ణుంచి పెతీ ఆదివారం మద్దేన్నం తలుపేసుకొని, 'ముడులు కడతన్నాను, ఎవులూ రాకండి' అనీదానివి. లోపల ఏటి సేసీదానివి?"

"తొంగునీదాన్ని."

"తొంగునీదానివా!"

"ఒక్క గంట. పెళ్ళైన కాణ్ణుంచి నాకు పగలు నిద్దర దొరికింది ఆ గంటే. నువ్వు గుమ్మం కాడ కాపలా కూడా కాసీవోడివి. పిల్లలొస్తే 'ఉష్, మీ అమ్మ ముడులు కడతన్నాది' అనీవోడివి. ఎంత బాగుండేదో."

"ఓరి దేముడా. మరి ఆ గాలాలు? సాయంత్రానికి పది గాలాలు, దారం కట్టి, సుట్టలు సుట్టి, నా సేతిలో ఎట్టీదానివి కదా? అయ్యెవులు కట్టినారు?"

"కోప్పడనన్నావు."

"ఇంకా కోప్పడలేదు."

"మా అన్న."

"ఏ అన్న?"

"నాకెంతమంది అన్నలున్నారు? సోములన్న."

"సోములా! ఆ సోములు గాడా! ఏడేళ్ళ కాణ్ణుంచి నేను ఎవుడి మొకం సూడనని ఒట్టేసుకున్నానో ఆ సోములు గాడి ముడితోటి నేను సేపలు పట్టినానా?"

"పట్టినావు. తిన్నావు కూడా."

"ఆడు నన్నేటన్నాడో మర్సిపోనావా? ఏరు సముద్రంలో కలిసీ మొగ కాడ, ఇంత పండుగొప్ప, మేకపిల్లంత, గాలానికి పడింది. ఒడ్డుదాకా లాక్కొచ్చినాను. ముడి జారిపోనాది. సేప ఎళ్ళిపోనాది. ఆ సోములు అందరి ముందరా పొట్ట పట్టుకొని నవ్వినాడు. 'ఒరే గంగులూ, ఆ సేప నీ ముడి సూసి సిగ్గుపడి ఎళ్ళిపోనాదిరా' అన్నాడు."

"ఆ రోజు ఇంటికొచ్చి నువ్వు అన్నం తినలేదు. మర్నాడూ తినలేదు. మూడో రోజు, 'ఇంక సముద్రం మొకం సూడను, కోటబొమ్మాళిలో ఎవుడి పొలంలోనైనా కూలికెళ్ళిపోతాను' అన్నావు. నాకు బయమేసింది. నీకు నాగలి ఏ కొస పట్టుకోవాలో కూడా తెలీదు. అందుకని 'ముడులు నేను కడతానులే' అన్నాను. అనీసినాక రాదని గురుతొచ్చింది. మా అన్న కాడికెళ్ళి ఏడ్సినాను."

"ఏడవడానికి ఆడే దొరికినాడా?"

"నన్ను నీకిచ్చి, నీ తోడబుట్టిన అప్పని ఆయనకిచ్చి కుండమార్పు పెళ్ళి సేసినారు. మీ అప్ప ఆ ఇంట్లో ఉన్నాది, నేను ఈ ఇంట్లో ఉన్నాను. ఇంకెవులి కాడికెళ్ళి ఏడవను? మీ మగోళ్ళకి మాటల్లేవు గాని, మాకు సంత ఉన్నాది. మంగళవారం మంగళవారం మీ రాణమ్మప్ప ఎండుసేపల బుట్ట అడుగున గాలాలెట్టి తెస్తాది. 'మీ అన్న కట్టినాడు, తీస్కో' అంటాది."

"మా అప్ప కూడా ఇందులో ఉన్నాదా!"

"తొమ్మిదీ పావైనాది మావా. తిట్టాలంటే తర్వాత తిట్టు. మా అన్నకి ఫోను సెయ్యి. ఎలగెయ్యాలో అడుగు."

"సచ్చినా సెయ్యను."

"సరే. సెయ్యకు."

"నా పేనం పోయినా సెయ్యను."

"బేనరు మీద అచ్చరాలు బాగా కనబడతన్నాయంట. రోడ్డు మీదకి కూడా."

"నెంబరు సెప్పు."

"నొక్కీసినాను. మోగతన్నాది. ఇందా."

"అలో! ఎవులు?"

"నేను."

"నేనంటే?"

"గంగులు."

"ఏ గంగులు?"

"ఎంతమంది గంగులు తెలుసు నీకు? మీ సెల్లి మొగుణ్ణి. బావా, ఒక మాట."

"బావా? ఏడేళ్ళ తర్వాత నేను బావనైపోనానా? ఏటి, ఎవులికైనా ఒంట్లో బాగోలేదా?"

"అందరూ బాగున్నారు. నాకే బాగోలేదు. సూడు, మీ సెల్లి నాకంతా సెప్పీసింది. గాలాలు నువ్వు కడతన్నావంట కదా."

"సెప్పీసిందా?"

"సెప్పీసింది. ఆ రోజు నవ్వినదానికి నేను నిన్ను మన్నించలేదు. అది అలగే ఉంటాది. కాని ఇప్పుడు నాకు ముడి కావాల. బేగి వచ్చి సూపించు."

"రాలేను రా. కుడి సెయ్యి బెణికింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఫోనెత్తినప్పుడు."

"అయితే నోటితో సెప్పు. నేను కట్టుకుంటాను."

"పంటి నొప్పి."

"మాటాడతన్నావు కదా!"

"ముడుల గురించి మాటాడితేనే నొప్పొస్తాది."

"బావా, ఆటలొద్దు. అరగంటలో ఆడొచ్చీస్తాడు. గాలం కంట్లోంచి దూర్సినాను. ఇప్పుడు ఎన్ని సుట్లు సుట్టాల?"

"సాలినన్ని."

"ఏటన్నావు?"

"సాలినన్ని సుట్టు."

"ఎటేపు?"

"అటేపు."

"ఈ మాట నేను పొద్దున్నే ఇన్నాను. బావా."

"ఏటి?"

"నీకూ రాదు."

"ఎవులన్నారు?"

"నువ్వే అన్నావు. నీకూ రాదు! ఒసే లక్ష్మణమ్మా, మీ అన్నకీ రాదంట! ఇదిగో, స్పీకరు ఏసినాను, నువ్వూ ఇను!"

"ఒరే, గట్టిగా అనకురా. ఈది గుమ్మం తలుపు తీసున్నాది. ఏటి సెయ్యను? మా సెల్లి వచ్చి 'అన్నా, నువ్వే కట్టాల' అని ఏడ్సింది. నాకు రాదని సెల్లితో ఎలగ సెప్పను?"

"మరి ఆ రోజు నా ముడి సూసి నవ్వినావేటి?"

"ముడి రానోడికి నవ్వడం బాగా వస్తాదిరా బావా. వచ్చినోడెవుడూ నవ్వలేదు సూడు."

"మరి గాలాలు ఎవులు కడతన్నారు?"

"అది... ఉండు, ఫోను లాక్కుంటన్నాది. ఒసే, మాటాడనీ..."

"ఒరే గంగులూ."

"అప్పా?"

"నేనే కడతన్నాను. ఆయనకి గాలం ఏదో, సేపముల్లు ఏదో తెలీదు. ఏడేళ్ళ కాణ్ణుంచి ఇంట్లో వంటయ్యాక దీపం కాడ కూకొని పది గాలాలు కడితే, ఈయన పక్కన కూకొని తలకాయ ఊపుతాడు."

"వదినా! మరి సంతలో నాతో 'మీ అన్న కట్టినాడు' అన్నావేటి?"

"ఏటి సెయ్యను లక్ష్మణమ్మా? నేను కట్టినానంటే ఈయన పరువు పోదా? మీ మొగుడికొక పరువు, నా మొగుడికొక పరువు. మోసీవోళ్ళం మనం. ఒరే తమ్ముడూ, ఇంటన్నావా?"

"ఇంటన్నాను అప్పా. నీకెలగ వచ్చింది? ఎవులు నేర్పినారు?"

"నాన్న."

"నాన్నా? నాన్న నాకు నేర్పీవోడు."

"నీకే నేర్పీవోడు. బోజనాలయ్యాక అరుగు మీద కూకోబెట్టీవోడు. 'ఒరే, సూడు, ఇది ఒకటో సుట్టు' అనీవోడు. నువ్వు రెండో సుట్టుకి గుర్రెట్టీవోడివి. నాన్న సెయ్యి ఆపీవోడు కాదు. మొదలెట్టిన ముడి మధ్యలో ఒగ్గకూడదని ఆయన పట్టుదల. ఎదురుగా ఎవులో ఒకలు సూడాల కదా. నేను గిన్నెలు తోముతా సూసీదాన్ని."

"అయితే అది నిజంగా మా నాన్న ముడేనన్నమాట!"

"నాన్నదే."

"ఇన్నావే లక్ష్మణమ్మా? టీ కొట్టు కాడ నేను సెప్పింది నిజమే!"

"నువ్వు అబద్దమనుకొని సెప్పినావు మావా."

"ఎలగ సెప్పినా నిజం నిజమే. అప్పా, బేగి వచ్చీ. వెంకీ వచ్చీస్తన్నాడు. నా పరువు నీ సేతిలో ఉన్నాది."

"నేను రాను."

"ఎందుకు రావు?"

"పెద్ద సేప పడితే తలకాయ ఎవులి గడపకి పోవాలని నాన్న సెప్పినాడు?"

"ఆడపడుసు గడపకి."

"మరి నేను కట్టిన గాలానికి పడిన సేపల తలకాయలు ఎటు పోనాయి?"

"మాటలు లేవు కదా అప్పా... అందుకని..."

"అందుకని?"

"నేను తినీసినాను."

"పులుసెట్టుకొని తిన్నాడు వదినా. నాకు కూడా ఎట్టకుండా."

"నువ్వుండవే! అప్పా, ఇప్పుడవన్నీ కాదు. రాకపోతే పోనీ, ఫోన్లోనే సెప్పు. గాలం కంట్లోంచి దూర్సినాను. తర్వాత?"

"కళ్ళజోడెట్టుకున్నావా?"

"ఎట్టుకున్నాను."

"ఎట్టుకోలేదు వదినా."

"నువ్వు నోరుముయ్యవే! ఎట్టుకుంటన్నాను, ఎట్టుకుంటన్నాను. ఆఁ. ఓలమ్మ, దారం ఎంత బాగా కనబడతన్నాది! తర్వాత?"

"దారం కొస ఒక జానెడు ఒగ్గు. ఆ కొసని పెద్ద దారం సుట్టూ ఆరు సుట్లు సుట్టు. లావు దారానికి నాలుగు సాలు. సన్నదానికి ఆరు, లేకపోతే జారిపోతాది."

"ఆరు! ఇన్నావా, ఆరంట! 'సాలినన్ని' కాదు! ఒకటి... రెండు..."

"నిద్దరొస్తన్నాదా?"

"లేదప్పా. మూడు... నాలుగు... అయిదు... ఆరు."

"గాలం పక్కన ఒక సందు ఉంటాది సూడు. కొసని అందులోంచి దూర్సు. పైన పెద్ద సందొకటి వస్తాది. మళ్ళీ అందులోంచి దూర్సు."

"దూర్సినాను. లాగీమంటావా?"

"ఆగు. నోట్లో ఎట్టి తడుపు. ఎండుగా లాగితే దారం రాసుకొని ఏడెక్కి సచ్చిపోతాది. తడిపి, మెల్లగా లాగు. పగున్నట్టు లాగకు. నువ్వు సేపలతో కూడా పగున్నట్టు లాగుతావు."

"మెల్లగా లాగతన్నాను... బిగుస్తన్నాది... బిగిసింది! అప్పా, ముడి పడింది! బలంగా లాగినాను, ఊడ్డం లేదు! కదలను కూడా కదలట్లేదు!"

"సెబాసురా. గాలం కదలట్లేదు కదా?"

"గాలం... గాలం ఎక్కడున్నాదే?"

"గాలం కింద పడున్నాది మావా. నువ్వు ముడేసింది నా గాజుకి. ఇందాక కళ్ళజోడు లేకుండా దూర్సింది దాంట్లోనే."

"ఏటి?"

"గాజుకి వదినా. మీ తమ్ముడు నా ఇత్తడి గాజు సేతికేసుకున్నాడు. అది రావట్లేదు. దానికి ముడేసుకున్నాడు. అదీ రావట్లేదు. దారం రెండో కొస ఇంకా సుట్ట మీదే ఉన్నాది. ఇప్పుడు మీ తమ్ముడూ ఆ దారం సుట్టా కలిసే తిరగాల."

"గాజెందుకేసుకున్నాడు?"

"అది అడక్కు వదినా."

"సరే. ముడైతే పడింది. నేను ఫోనెట్టీస్తన్నాను. ఆ కుర్రోడికేటి సెప్పుకుంటావో అది నీ ఇష్టం తమ్ముడూ. నేనెవులితోనూ అనను. ఏడేళ్ళు అనలేదు, ఇప్పుడూ అనను."

"అప్పా... అప్పా! ఎట్టీసింది."

"మావయ్యా! గంగులు మావయ్యా! వచ్చీసినానండీ! కోటబొమ్మాళి నుంచి ఎక్కడా ఆగలేదు. రేవు కాడ జనం నిండిపోనారు. రండి రండి... సేతికి గాజేటి మావయ్యా?"

"అది మీ అత్తది బాబూ. రావట్లేదు."

"దానికి దారం... ఆగండి, కదలకండి. ఇదేనా ఆ ముడి? ఇప్పటికే ఏసీసినారా? లాగనా ఒకసారి? అబ్బో! నేను రెండు సేతుల్తో లాగతన్నాను, దారం తెగీలా ఉన్నాది గాని ముడి కదల్లేదు! సూపర్ మావయ్యా! నున్నటి ఇత్తడికే జారలేదంటే ఇంక గాలం ఎంత? ఇదే సాలు. ఇటిక ఆ దారానికే కట్టీసి, మీరు సెయ్యి పైకెత్తి నిలబడితే సాలు. గాజుకి గంగులు ముడి! ఎవుడూ సూసుండడు ఇలాంటిది!"

"కొత్తగా ఎయ్యక్కర్లేదా?"

"అక్కర్లేదు మావయ్యా. ఇది మీరేసిందే కదా?"

"నేనే ఏసినాను. ఈ సేతుల్తోనే. అడుగు మీ అత్తని."

"ఆయనే ఏసినాడు బాబూ. నేను సూస్తన్నాను."

"ఇంకేటి మరి! ఎక్కండి బండి. అత్తా, మీరు కూడా ఎక్కండి."

"ఉండు బాబూ. ఒక్క నిమిషం. లక్ష్మణమ్మా, ఏటంటావే?"

"నేనేటీ అనను మావా. నాకు నిద్దరొస్తన్నాది."

"వెంకీ."

"సెప్పండి మావయ్యా."

"బండి ఇటు కాదు, అటు తిప్పు. పక్క పేటకెళ్ళాల. మా అప్పింటికి. అప్పని ఎక్కించుకొని రేవుకెళ్దాం. మీ అత్తా నేనూ ఎనక నడిసొస్తాము."

"మీ అప్పా? ఆవిడెందుకు మావయ్యా?"

"ముడి ఆవిడ కాడున్నాది. ఇది దాని పిల్ల. ఈ ఒక్కటీ ఎలగ పడిందో నాకే తెలీదు, మళ్ళీ ఎయ్యమంటే రాదు. ఒసే, ఆ బుట్టలో నిన్న పడిన సేప తలకాయ ఉన్నాది కదా? అది కూడా కట్టి ఈడి బండికి తగిలించు."

"మావయ్యా, మరి బేనరో? 'గంగులు ముడి' అని ఇంత పెద్దగా రాయించినాము."

"కొట్టించీ. 'రాణమ్మ ముడి' అని రాయించు."

"మీ పేరు మొత్తం తీసీమంటారా?"

"తీసీ. మొత్తం తీసీ... ఉండుండు, వెంకీ! ఎళ్ళిపోకు. కింద, సిన్నచ్చరాలతో, ఎవులికీ కనబడకపోయినా పర్లేదు, 'గంగులు గారి అప్ప' అని ఒక ముక్క రాయించు."